తెర మధ్య గీత

పొగమంచు దిగిందంటే చర్చి గంట మోగాలి. ఆఖరి పడవ ఒడ్డు తాకేదాకా ఆగకూడదు. డాన్యూబ్ నది పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసే ఆ చిత్తడి నేలలో, ఎప్పుడో రష్యా నుంచి వచ్చి స్థిరపడిన లిపొవాన్ జాలరుల కట్టుబాటు అది. నిన్న మొదలైన గంట ఇవాళ పొద్దు బాగా ఎక్కినా మోగుతూనే ఉంది. అంటే ఒక పడవ ఇంకా రాలేదు.

రానిది సఫ్రోన్ పడవ.

సఫ్రోన్ చెల్లెలు జెనోవియా గంటగోపురం మీద, సరిగ్గా గంట కింద, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. గంట మోగినప్పుడల్లా కింద పలకలు అదిరి ఒళ్ళో యంత్రం వణుకుతోంది. తొంగి చూస్తే ఊరు లేదు. నీలం కిటికీల ఇళ్ళు, వలలారేసిన కంచెలు, కాలవ, అన్నీ పాలలో మునిగిపోయాయి. రెండు చెట్ల కొసలు మాత్రం ఎవరో మర్చిపోయి వెళ్ళిన చీపుళ్ళలా పైకి తేలుతున్నాయి.

"దొరికాడా?" తాడు లాగుతూనే అరిచాడు నికిఫోర్ తాత. గడ్డం బొడ్డు దాకా వేలాడే మనిషి. గంట కింద బతికి బతికి చెవులు సగం పోయాయి. అందుకే లోకమంతా చెవిటిదన్నట్టు మాట్లాడతాడు.

"ఇంకా లేదు తాతా!"

"ఆ డబ్బా మూసి తాడు మీద ఒక చెయ్యి వెయ్యవే. దేవుడికి వినబడేది గంట. నీ డబ్బా కాదు."

"దేవుడికి వినబడితే చాలదు, మా అన్నకి వినబడాలి."

"వాడా? పెళ్ళాం మాటే వినడు, గంట వింటాడా!"

జెనోవియాకి నవ్వు రాలేదు. కళ్ళు తెర మీంచి తిప్పలేదు.

కిక్కిస పొదల్లో ఫోన్లు పలకవు. అందుకని రెండేళ్ళ కిందట ఊళ్ళో ప్రతి పడవకీ సబ్బు పెట్టెంత రేడియో పెట్టె బిగించింది తనే. ఉండుండి ఆ పెట్టె తన పేరు చెబుతుంది. నేను ఫలానా, ఇక్కడున్నాను. పక్క పడవలో పెట్టె ఆ మాట అందుకుని అవతలి పడవకి చెబుతుంది. అలా నోటి మాటగా ఊరికి చేరుతుంది. "ఆవు మెడలో గంట కట్టినట్టు నాకు ఇది కడుతున్నావా?" అని అందరికంటే ఎక్కువ వెక్కిరించినవాడు సఫ్రోనే. చెల్లెలు మొహం చిన్నబుచ్చుకోవడం చూడలేక కట్టించుకున్నాడు.

ఆ పెట్టె నిన్న సాయంత్రం నుంచి పలకడం లేదు.

ఇప్పుడు ఆమె దగ్గరున్నది సిగరెట్ లైటరంత రిసీవరు. దానికంటూ ఒక స్టేషను లేదు. ఏం వినమని సాఫ్ట్‌వేర్ చెబితే అది వింటుంది. గాల్లో ఉన్న రేడియో మొత్తాన్నీ తెచ్చి తెర మీద పరుస్తుంది. తెరంతా లోతైన నీటి నీలం. పైనుంచి కిందకి మెల్లగా జారుతుంది, రాలే మంచులాగా. పడవ పెట్టె ఏదైనా పలికితే ఆ నీలంలో వాలుగా ఒక తళుకు, చేప పక్కకి తిరిగినప్పుడు కనబడే పొట్టలాగా. వెంటనే పక్కన జాబితాలో పేరు పడుతుంది. జెనోవియా నిన్నటి నుంచి ఆ తళుకులే చూస్తోంది. అన్ని పేర్లూ వస్తున్నాయి. అన్న పేరు రావడం లేదు.

ఎగువన వానలు పడి నది ఉబ్బుతోంది. నీరు పెరిగితే కిక్కిస దిబ్బలు వేళ్ళతో సహా లేచి తేలతాయి. దారులు మూసేస్తాయి, లేని దారులు తెరుస్తాయి. మంచు విడితేగాని హెలికాప్టర్ రాదన్నారు. ఈ చలికాలంలో ఆ నీళ్ళలో పడిన మనిషి ఎంతోసేపు ఉండడు. ఇవాళ చీకటి పడేలోగా దొరక్కపోతే ఇక దొరికేది సఫ్రోన్ కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనడం లేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. సఫ్రోన్ భార్య లుకేరియా పైకొచ్చింది. తలగుడ్డ మీద మంచు ముత్యాల్లా పట్టి ఉంది. మొహం మాత్రం నిప్పులా ఉంది.

"ఏమే జెనీ! నువ్వు చెప్పిన ఉత్తరం దిక్కు చూసొచ్చాం."

"ఏమైందొదినా?"

"తేలే హోటలు. చలికాలమని కట్టేసి పోయారు. తలుపులకి తాళాలు. లోపల దీపాలూ, పంపులూ, వాటిలో అవే కబుర్లు చెప్పుకుంటున్నాయి. అదీ నువ్వు కనిపెట్టిన నెట్‌వర్కు! మనిషి పురుగు లేదు. పొద్దున్నంతా దానికే పోయింది, ఊళ్ళో ఉన్న పడవలన్నీ దానికే పోయాయి."

"పేరు లేకుండా గట్టిగా వినబడింది. అన్నయ్య పెట్టే పేరు మర్చిపోయిందేమో అనుకున్నా."

"అనుకున్నావు!"

లుకేరియా పలక మీద కూలబడింది. తడి తాడు కోసేసి బొటనవేలి నుంచి రక్తం కారుతోంది. కట్టుకోవడానికి ఏదైనా గుడ్డ ఉందేమోనని అటూ ఇటూ చూసింది. ల్యాప్‌టాప్ తెర మధ్యలో పైనుంచి కిందదాకా నిలువుగా నల్ల టేపు ముక్క అంటించి ఉంది. చర్రున లాగేసింది.

"అయ్యో, అది తీయకొదినా!"

"ఏం, నీ కంప్యూటర్‌కి దెబ్బ తగిలిందా? నాకు తగిలింది." టేపుని బొటనవేలికి చుట్టేసుకుంది. అప్పుడు చూసింది తెరవైపు. టేపు ఉన్నచోట నిలువుగా ఒక గీత, తెల్లగా, కత్తి అంచులా. "అదేంటే?"

"అది ఏమీ కాదు. రిసీవరు సొంత గీత. నువ్వు ఎక్కడ ట్యూన్ చేస్తే అక్కడ, సరిగ్గా నడిమధ్యలో ఒక గీత గీస్తుంది. బయటి నుంచి వచ్చేది కాదు, దాని కడుపులోదే. ఈ పని నేర్చుకునేవాళ్ళకి మొదటి పాఠం అదే. నడిగీతని పట్టించుకోకు అని. మాటిమాటికీ కంటికి అడ్డం పడుతోందని టేపు వేశాను."

"కళ్ళెదుట ఉన్నదాన్ని చూడొద్దని నేర్పుతారన్నమాట. కళ్ళెదుట ఉన్న కోడల్ని చూడని మీ అమ్మ శిష్యులా ఏంటి వాళ్ళు?"

"వదినా, ఇప్పుడు కాదు."

తెర మీద తళుకులు మసకబారుతున్నాయి. గోపురం కిటికీకి కట్టిన యాంటెన్నా అచ్చం చేపముల్లులా ఉంటుంది, నడుమ వెన్ను, దానికి అడ్డంగా ముళ్ళు. మంచు దాని మీద నీళ్ళై వైరు మూతిలోకి దిగుతోంది. జెనోవియా దాన్ని విప్పి లుకేరియా చేతిలో పెట్టింది. "పొడిగుడ్డ ఉంటే తుడువు. మూతి దగ్గర బాగా."

చెవి తీసేసిన రిసీవరు చెవిటిదైంది. తెర మీద పడవల తళుకులన్నీ ఆరిపోయాయి. ఒట్టి నీలం మిగిలింది.

నడిగీత కూడా సన్నబడింది.

జెనోవియా కళ్ళు నులుముకుంది. నిద్రలేని కళ్ళు, ఏదైనా చూస్తాయి. గీత దారం పోగులా సన్నగా కిందకి జారుతోంది. ఇందాక కత్తి అంచులా ఉంది కదా?

"ఆ యాంటెన్నా ఇలా ఇవ్వు."

"ఇంకా తుడవలేదే."

"ఇవ్వొదినా!"

బిగించింది. గీత లావెక్కింది. విప్పింది. దారమైంది. మళ్ళీ బిగించింది. కడుపులో గీతైతే చెవి మూసినా, తెరిచినా ఒక్కలాగే ఉండాలి. దీనికి చెవితో ఏం పని?

ట్యూనింగుని ఒక్క పిసరు పక్కకి జరిపింది. నడిగీత బుద్ధిగా కొత్త మధ్యకి నడిచి వెళ్ళింది. దాని పాతచోట ఇంకో గీత కదలకుండా నిలబడింది.

రెండు గీతలు.

"తాతా!" అని అరిచింది జెనోవియా. నికిఫోర్ తాడు లాగుతూనే తల తిప్పాడు. ఆయనకి చెప్పాలో వదినకి చెప్పాలో తనకే తెలియలేదు. "పెట్టెలోకి నీళ్ళు పోయాయి. గొంతు పట్టేసింది. పేరు చెప్పలేక ఆ... అని ఒకటే కూత కూస్తోంది. పేరు లేదని నా జాబితా దాన్ని పారేసింది. నేనేమో మన పడవలు పలికే చోటునే సరిగ్గా నడిమధ్యన పెట్టుకుని కూర్చున్నాను. అది నడిగీత వెనకాల దాక్కుంది. నిన్నటి నుంచీ పిలుస్తూనే ఉందొదినా. దాని నోటికి నేనే టేపు వేశాను."

లుకేరియా తన బొటనవేలి వంక చూసుకుంది. ఒక్క క్షణమే.

"ఏడుపు పడవలో ఏడుద్దువుగాని. ఎటు?"

జెనోవియా చేపముల్లుని మెల్లగా తిప్పింది. ఉత్తరానికి గీత మసక. పడమరకి లేనే లేదు. ఆగ్నేయానికి తిప్పితే తెల్లగా వెలిగింది.

"తాతా, గంట ఆపకు!"

"నేనెప్పుడు ఆపానే, బుద్ధిలేనిదానా!"

*

తారు పూసిన నల్ల పడవ మంచులోకి దూరింది. వెనక మోటారు దగ్గర లుకేరియా, ముందు వంపులో నూనెగుడ్డ కప్పుకుని జెనోవియా. ఒక చేతిలో చేపముల్లు, ఒళ్ళో తెర. పడవ కదులుతోందో, నిలబడిన పడవ పక్కనుంచి కిక్కిస నడిచిపోతోందో తెలియడం లేదు. ఆకుల చివర్ల నుంచి బొట్లు రాలుతున్నాయి. ఒకచోట తెల్లటి మూటలు వరసగా తేలుతూ ఎదురొచ్చాయి. దగ్గరికి వచ్చాక అవి మెడలు సాచి, గూడబాతులై, చప్పుడు చేయకుండా మళ్ళీ మూటలైపోయాయి. గంట వెనక నుంచి వినబడుతోంది. కాసేపటికి కుడివైపు నుంచి. ఆ తర్వాత నీళ్ళలోంచి. మంచులో శబ్దానికి ఇల్లు ఉండదు.

కాలవ చీలినచోట లుకేరియా మోటారు ఆపేది. జెనోవియా ముల్లు తిప్పి చూసేది. గీత లావెక్కుతోంది. దారి మంచిదే. కాని ప్రతిసారీ అది ఉండాల్సిన చోటికంటే కాస్త ఎడమకి జరుగుతోంది.

"ఏంటే, నీ ముల్లు తాగుందా? ఇందాక ఆ విల్లో చెట్టు దిక్కు అన్నావు."

"ఇప్పుడు దానికి ఎడమవైపు చూపిస్తోంది."

"పడవ వేసుకుని షికారు కొడుతున్నాడా మీ అన్న?"

"తెడ్డు వేస్తే ఆగి ఆగి జరగాలి కదా. ఇది అస్సలు ఆగకుండా జరుగుతోంది."

"అయితే వాడు కాదు. మా ఆయన ఆగకుండా ఏ పనీ చెయ్యడు." అంటూనే లుకేరియా నీటి వంక చూసింది. ఒక ఎండుపుల్ల వాళ్ళ పడవని దాటుకుని, తొందరేమీ లేకుండా, తూర్పుకి పోతోంది. "జెనీ. వాడు కదలడం లేదు. వాడి కింద నేల కదులుతోంది."

తేలే దిబ్బ. నిన్న మంచు దిగాక ఏ దిబ్బ అంచునో పడవ కట్టుకుని ఆగి ఉంటాడు. నీరు పెరిగి దిబ్బ వేళ్ళు తెంచుకుని, మనిషినీ పడవనీ ఎత్తుకుని బయల్దేరింది.

"ఈ పారుదల ఎక్కడికి పోతుందొదినా?"

లుకేరియా తూర్పుకి చూసింది. "నల్లకొలనుకి. అక్కడ సముద్రం గాలి తగులుతుంది. అలలుంటాయి. దిబ్బ అలల్లోకి వెళ్ళిందంటే పాలలో వేసిన రొట్టెలా విడిపోతుంది."

"మరి తొందరగా పోనీ! గీత దగ్గరే ఉంది, ఇదిగో, ఇటు!"

"ఇటు పోతే దాని తోక పట్టుకుని పోతాం. మధ్యలో కిక్కిస అడ్డం. చేరలేం." లుకేరియా చుక్కాని పూర్తిగా తిప్పేసింది, గీత చూపించే దిక్కుకి వీపు పెట్టి. "పాత గడ్డికోతల కాలవ ఒకటుంది. చుట్టు దారి. కొలను మూతి దగ్గరికి దానికంటే ముందు చేరాలి."

"గీత పోతుందొదినా!"

"పోనీ. నువ్వు గాలి చూడు, నేను నీళ్ళు చూస్తా."

పాత కాలవ పడవకంటే కాస్తే వెడల్పు. రెండువైపులా కిక్కిస తలలు కలుపుకుని పైన కప్పు వేసింది. తడి ఆకులు రేడియోని తాగేస్తాయి. తెర మీద గీత పాలిపోయింది, పోగైంది, పోగులో పోగైంది. ఒక మలుపు దగ్గర అసలు ఉందో లేదో తెలియలేదు. ఉన్నట్టు అనుకుంటే ఉంది. చిన్నప్పుడు జ్వరం వస్తే అన్న పక్కనే కూర్చుని, నిద్రపోయిందో లేదోనని చిటికెన వేలు పట్టుకుని చూసేవాడు. ఇప్పుడు తను ఆ వేలు పట్టుకున్నట్టుంది. వదిలితే ఏమవుతుందో తెలియదు. గట్టిగా పట్టుకునేందుకు ఏమీ లేదు.

"ఉందా?" వెనక నుంచి లుకేరియా.

"ఉంది," అంది జెనోవియా. అది అబద్ధమో నిజమో ఆమెకే తెలియదు.

కప్పు విడిపోయింది. చల్లగాలి మొహాన కొట్టింది. ముందు నీళ్ళు లేవు, ఆకాశం లేదు, ఒకటే బూడిద రంగు. దాని లోపలెక్కడో అలలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు. లుకేరియా మోటారు ఆపి, గడకర్ర బురదలో గుచ్చి పడవని నిలబెట్టింది.

ఇద్దరూ తెర మీదకి వంగారు.

గీత పోగైంది. దారమైంది. తాడైంది. తెర మధ్యలో ఎవరో సున్నం పోసినట్టు తెల్లగా పరుచుకుంది.

అప్పుడు మంచులోంచి నేల వచ్చింది.

పొలమంత నేల. దాని మీద ఎండిన కిక్కిస, ఒక పొట్టి విల్లో పొద, పొద పక్కన ఒంటికాలి మీద నిద్రపోతున్న కొంగ. మెల్లగా, గిరగిరా కాదు, ముసలివాళ్ళు పక్క మీద ఒత్తిగిల్లినట్టు తిరుగుతూ వచ్చింది. నీళ్ళు నిండి బోర్లబడిన పడవ ఒకటి దాని అంచున ఈడ్చుకొస్తోంది. పొదని కౌగిలించుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"సఫ్రోన్!" అని కేక పెట్టింది లుకేరియా. కొంగ ఎగిరిపోయింది. మనిషి కదల్లేదు.

దిబ్బ ముందు అంచుని అప్పుడే అలలు కొరుకుతున్నాయి. చాపంత ముక్కలు తెగి తేలిపోతున్నాయి. లుకేరియా మోటారు వేసి పడవ ముక్కుని నేరుగా దిబ్బలోకి గుచ్చింది. "దిగకే! నేల కాదది! తాడు వెయ్యి!"

జెనోవియా తాడు విసిరింది. అతని కాళ్ళ దగ్గర పడింది. సఫ్రోన్ దాని వంక చూశాడు, చుట్టం పేరు గుర్తురానివాడిలా.

"అన్నయ్యా, పట్టుకో! పడుకుని రా, పాకుతూ రా!"

చెల్లెలి గొంతు విన్నాక మోకాళ్ళ మీద పడ్డాడు. తాడు మణికట్టుకి చుట్టుకుని బోర్లా పడుకుని పాకాడు. సగం దూరం వచ్చేసరికి కింద దిబ్బ నోరు తెరిచింది. నడుం దాకా దిగిపోయాడు. ఇద్దరు ఆడవాళ్ళూ పాదాలు పడవ అంచుకి తన్నిపెట్టి లాగారు. లుకేరియా బొటనవేలి టేపు ఊడిపోయి తాడు ఎర్రబడింది. లాగింది. ఇంకా లాగింది. పెద్ద చేపలాగా సఫ్రోన్ పడవ అంచు మీంచి లోపలికి జారి పడ్డాడు.

వెనక విల్లో పొద ఒకసారి తల ఊపి, పక్కకి ఒరిగి, అలల్లో కలిసిపోయింది.

లుకేరియా అతని తడి చొక్కాలు ఒలిచి, తన గొర్రెతోలు కోటు కప్పి, రెండు చేతులా ఒళ్ళంతా రుద్దుతోంది. రుద్దుతూనే మధ్యమధ్యలో చరుస్తోంది. "రొయ్యకి ఉన్న బుద్ధి కూడా లేదు! దిబ్బకి పడవ కడతాడా ఎవడైనా? నీళ్ళు పెరుగుతున్నాయని చెప్పానా లేదా? నీ పులుసు నిన్నటి నుంచి పొయ్యి మీదే ఉంది, పిల్లి కూడా ముట్టుకోవడం లేదు!" ఏడుపు ముక్కులోంచి కారుతోంది.

సఫ్రోన్ నీలి పెదవులు కదిలాయి. "జెనీ, చర్చి నా చుట్టూ తిరిగింది."

"ఏంటన్నయ్యా?"

"గంట. ముందు కుడిపక్క మోగింది. తర్వాత వెనకాల. తర్వాత ఎడమపక్క. దేవుడు ఊరిని పడవలో వేసుకుని నన్ను వెతుకుతున్నాడనుకున్నా."

"తిరిగింది నువ్వు. ఊరు కాదు."

"ఊరుకోవే. నాదే బాగుంది." కోటు లోపల తడుముకుని, కడుపు దగ్గర నుంచి సబ్బు పెట్టెంత పెట్టె తీశాడు. మూత సందులోంచి నీళ్ళు కారాయి. "ఇదిగో నీ ఆవుగంట. పాడైంది. నిన్న పడవతోపాటు మునిగింది, ఇక ఒక్క మాట లేదు. పీకి పారేద్దామనే అనుకున్నా. చేతికి వెచ్చగా తగిలితే పొట్ట దగ్గర పెట్టుకున్నా."

జెనోవియా పెట్టె మీద చెయ్యి వేసి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది, ఆగకుండా కూస్తున్నందుకు.

"ఇంతకీ నన్నెలా కనుక్కున్నారు?"

"అదే పిలిచింది," అంది లుకేరియా, మోటారు తాడు అందుకుంటూ. "రాత్రంతా అరిచిందట."

"అబద్ధం. రాత్రంతా నా దగ్గరే పడుకుంది. కుయ్ మనలేదు."

"నిద్రపోకు. నిద్రపోయావంటే నీళ్ళలోకి తోసేస్తా."

"ఉండవే," అన్నాడు సఫ్రోన్. పెట్టెని చెవికి ఆనించుకున్నాడు. కనుబొమలు ముడిచి, నీళ్ళు కారుతున్న గడ్డంతో, చెల్లెలి మీద ఆనుకుని కూర్చున్నాడు. మోటారు రేగింది. పడవ కదిలింది. "ఉండు. వింటున్నా."